తాడుకి ఆ చివర

"వద్దంటే వద్దు. ఇప్పుడే పోయి కోచ్‌కి చెప్పేస్తా" అన్నాడు ఖాజా, చేతిలో ఉన్న బోటు తాడుని జెట్టీ మీదికి విసిరేసి.

అమీర్ జాన్ స్కీలు చంకలో పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. పదిహేడేళ్ల కుర్రాడు. అప్పటికే తండ్రికన్నా జానెడు పొడుగు.

"చెప్పబాక నాయనా. ఈ ఒక్క రౌండూ తిరగనీ. ఆమీట నీ ఇష్టం."

"డాక్టరు ఏమన్నాడ్రా? తలకి ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను పోతుందన్లా?"

"అన్నాడు."

"మరి? కుడికన్ను మూసుకోని, నా చేతి వేళ్లు ఎన్నో చెప్పు చూద్దాం."

అమీర్ జాన్ కన్ను మూయలేదు. ఎండకి మెరుస్తున్న షార్జా లగూన్ వైపు తల తిప్పుకున్నాడు.

పోయిన వారం ర్యాంపు మీదనుంచి గాల్లోకి లేచి పల్టీ కొట్టబోయి, వాడు తలకిందులుగా నీళ్లలో పడ్డాడు. పైకి తేలి నవ్వాడు గానీ, అప్పట్నుంచీ ఎడమకంటికి అంతా మసకే. దుబాయ్‌లో నైఫ్ పేటలో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఖాజాయే. ఇంట్లో భార్య రహీమాబీకి కూడా చెప్పలేదు. బోటు వెనక తాడు పట్టుకుని స్కీల మీద గిరగిరా తిరిగే ఆ ఆటలో, ఖాజా బోటు నడిపే క్లబ్బు మొత్తానికి వాడిని కొట్టేవాడు లేడు. వచ్చే నెల యూరప్‌లో అంతర్జాతీయ పోటీలు. ఇండియా తరఫున వెళ్లే కుర్రాడి పేరు ఆ మధ్యాహ్నమే టెలెక్స్‌లో పంపాలి.

ఇంతలో కోచ్ ఇలియాస్ వచ్చాడు. లెబనాన్ మనిషి. పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీతోనే అందరితో నెట్టుకొస్తాడు. బోటెక్కి, స్కీ చేసేవాడు కనబడేలా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"యల్లా, పద ఖాజా. ర్యాంపు వైపు పోవద్దు. నీళ్ల మీదే నెమ్మదిగా తిప్పు."

గాలి ఎక్కువగా ఉందేమో అనుకున్నాడు ఖాజా. ప్రాణం కాస్త కుదుటపడింది. రౌండు అయ్యాక చెప్పేద్దాంలే అని ఇంజను స్టార్ట్ చేశాడు.

తాడు బిగిసింది. అద్దంలో అమీర్ జాన్ నీళ్లలోంచి లేచాడు. బోటు నడిపేవాడికి వెనక జరిగేది ఆ అరచేతంత అద్దంలో కనబడేదే. అందులోనే ఖాజా చూశాడు. వాడు వెనక్కి తిరిగాడు, మళ్లీ ముందుకి తిరిగాడు. ఒక స్కీ వదిలేశాడు. తాడు చివరి పట్టీలో పాదం దూర్చి, రెండు చేతులూ గాలికి వదిలేసి, ఒంటికాలి మీద బొంగరంలా తిరిగాడు. ఎక్కడా తడబడలేదు. తొందర కూడా పడలేదు. ప్రతి మలుపునీ కడుపారా తిన్నట్టు తిరిగాడు.

జెట్టీ మీద కుర్చీల్లో ఉన్న క్లబ్బు మెంబర్లు లేచి నిలబడ్డారు. వంటగదిలోంచి మలయాళీ కుర్రాళ్లు బయటికొచ్చి ఈలలు వేశారు.

ఖాజా గుండె ఉప్పొంగింది. వీడు నా కొడుకు. ఒక్క కంటితోనే ఇట్టా తిరిగితే ఇంకేం కావాల? పెద్ద మైదానం, మైకులో కొడుకు పేరు, ఎగిరే జెండా కళ్లముందు కదిలాయి. డాక్టర్లు పది మాటలంటారు, అన్నీ అయితాయా? ఏ దెబ్బా తగలకుండా తిరిగొస్తాడేమో. ఎవరికి తెలుసు?

ఇంజను ఆపాడు. అమీర్ జాన్ తాడు వదిలేసి, దూరంగా నీళ్లలో వెల్లకిలా తేలుతూ ఆకాశంలోకి చూస్తున్నాడు.

చప్పట్లు సద్దుమణిగాక ఇలియాస్ అడిగాడు. "ఖాజా, పోయిన వారం వాడు పడ్డాడు కదా. దెబ్బ గట్టిగా తగిలిందా?"

ఖాజా చెయ్యి చాపి అద్దాన్ని పక్కకి తిప్పాడు.

"లేదు సాబ్. గట్టి పిండం వాడు."

"నిజంగానా?"

"నిజం సాబ్. డాక్టరుకి కూడా చూపించినా. కన్ను భేషుగ్గా ఉండాదన్నాడు. మీరు ధైర్యంగా పేరు పంపించండి."

ఇలియాస్ నీళ్ల మీద తేలుతున్న కుర్రాడి వైపు చూసి, తర్వాత ఖాజా భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దున్నే వాడే నా గదికొచ్చి, ఎడమకన్ను కనబడటం లేదని చెప్పి పేరు తీయించేసుకున్నాడు, ఖాజా. ఆట మానేసేముందు చివరిసారిగా మా నాయన నడిపే బోటు వెనక ఆడనివ్వమని అడిగాడు, అంతే."