అంగన్‌వాడీ వెనక తోట

రుక్సానా తోట గేటుకు గొలుసు చుట్టి తాళం వేసింది. బయట సర్వేయర్ అరుణ్‌కుమార్ బండి దిగి సంచిలోంచి టేపు తీశాడు.

"తాళం తియ్యండమ్మా. కామారెడ్డి నుంచి ఆర్డరొచ్చింది. ఈ జాగ ఇల్లు కట్టుకోనీకి ఒకలకు పట్టా అయ్యింది."

"తియ్యం సారూ. మా మీదికెల్లి కొలుసుకోండి."

ఆమె వెనక నిరోష, ఇంకో నలుగురు ఆడవాళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారు.

ఎల్లారెడ్డిలో అంగన్‌వాడీ వెనక ఉన్న ఆ నూటయాభై గజాలు రెండేళ్ల కిందట చెత్తకుప్ప. వాన పడితే మురికంతా పక్కనున్న కుంటలోకి పోయి చేపలు చచ్చి తేలేవి. రుక్సానా, సత్యమ్మ కలిసి మొదటి తట్ట ఎత్తారు. నెమ్మదిగా వీధి ఆడవాళ్లంతా వచ్చారు. ఇప్పుడక్కడ బచ్చలి, బెండ, సొరపాదు, గట్టు వెంట కానుగ మొక్కలు ఉన్నాయి. పిల్లల అన్నంలోకి కూర అక్కడి నుంచే పోతుంది. కుంటలో తామర మళ్లీ పూసింది.

బీడీలు చుట్టి బతికే సత్యమ్మకు అరవై దాటాయి. ఈ రెండేళ్లలో ఎన్ని అద్దె ఇళ్లు మారినా, ఎంత దూరమైనా పొద్దున్నే నడిచి వచ్చి మొక్కలకు నీళ్లు పోసేది. ఇవాళ మాత్రం అందరితో కలిసి నిలబడలేదు. బెండ మడిలో కూర్చుని కలుపు తీస్తోంది.

"అవ్వా, నువ్వన్న జెర చెప్పరాదు!" అంది రుక్సానా.

"ఏం జెప్పాలె బిడ్డా?"

"భయపడ్డవా?"

"పడ్డ," అంది సత్యమ్మ తలెత్తకుండా.

రుక్సానాకు ఒళ్లు మండింది. అరుణ్‌కుమార్ వైపు తిరిగింది.

"ఎవరా పట్టాదారు? పేరు చెప్పండి. పోయి కాళ్లు మొక్కుతం."

"పేరు చెప్పి కొట్లాట పెట్టాల్నా? చెప్ప. పొద్దటి సంది ఫోన్ చేస్తున్న, ఎత్తుతలేరు."

"వాళ్లు వద్దని రాసిస్తే ఆగుతదా?"

"ఆగుతది. గని ఎవరు రాసిస్తరమ్మా? ఏండ్ల సంది తిరిగితే వచ్చిన పట్టా. ఒక్కసారి వద్దంటే మల్ల జాగ రాదు." అతను ఫోన్‌లో టైమ్ చూసుకున్నాడు. "పది నిమిషాలు చూస్త. తియ్యకుంటే పోలీసోళ్లను పిలుస్త."

నిరోష రుక్సానా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎవరూ కదల్లేదు.

సత్యమ్మ లేచింది. చేతుల మట్టి చీరకు తుడుచుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"తాళంచెవి ఇయ్యి."

"ఎందుకు?"

"ఇయ్యి బిడ్డా."

రుక్సానా పిడికిలి బిగించింది. సత్యమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి తాళంచెవి తీసుకుంది. గేటు తెరిచింది.

"అవ్వా!" అని అరిచింది నిరోష.

సత్యమ్మ వెనక్కి చూడలేదు. సర్వేయర్‌ను గోడ పక్కకు తీసుకుపోయి మెల్లగా ఏదో చెప్పింది. అతను రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ చెప్పింది. చివరికి అతను బండి సీటు మీద కాగితం పెట్టి నాలుగు వరుసలు రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది.

రుక్సానా పరుగున వచ్చింది. "కొలుసుకొమ్మని రాసిచ్చినవా? ఇంతమంది కష్టం అవ్వా! గింత అన్యాయం చేస్తవా?"

సత్యమ్మ వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది.

అరుణ్‌కుమార్ టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు.

"మల్ల ఎప్పుడొస్తరు?" రుక్సానా కోపంగా అడిగింది.

"ఇగ రాను. జాగ వద్దని ఈ అవ్వ రాసిచ్చింది."

"ఈమె వద్దంటే ఆగుతదా? పట్టాదారు అనాలె గని."

అతను ఆమెను వింతగా చూశాడు.

"పట్టాదారు ఈ అవ్వనే."