రసీదు నంబరు పదిహేడు

లైను కదలడం లేదు.

కరీంనగర్‌లోని ఆ హాల్లో అరగంటగా అందరూ నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. అందులో సగం మంది, లైన్లు తొందరగా ఎలా కదలాలో కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లే.

అది ఆపరేషన్స్ రీసెర్చ్ సంఘం అధ్యక్ష ఎన్నిక. ఉన్న మనుషులతో, ఉన్న యంత్రాలతో పని తొందరగా అయ్యే దారిని లెక్కగట్టే శాస్త్రం వాళ్లది.

"సంతకం గీ టేబుల్ మీద, చీటీ గా టేబుల్ మీద వెట్టుండ్రి. మనిషికి నాలుగు నిమిషాలు వడుతున్నది. రెండు నిమిషాలల్ల అయితది" అన్నారెవరో.

జమున తల తిప్పి చూసింది. ఆమె ఈ ఎన్నికలో అభ్యర్థి.

మాట్లాడింది డెబ్బై దాటిన మనిషి. మాసిన తెల్లచొక్కా, చంకలో ప్లాస్టిక్ కవరు, చేతికి పాత గడియారం.

ఎన్నికల అధికారి నాగరాజు టేబుళ్లు జరిపించాడు. లైను కదిలింది.

జమునకు సంతోషం కలగలేదు. ఎవరీయన? ఎవరు పంపారు?

నామినేషన్ వేసిన నాటినుంచీ ఆమెకు ప్రతి కొత్త ముఖమూ ఎవరో పంపినట్టే కనిపిస్తోంది.

ఎదుటి అభ్యర్థి రామచంద్రం మూడుసార్లు గెలిచిన అధ్యక్షుడు. ఆమె పోటీకి దిగిందని విని నవ్వాడు.

"నీకెందుకమ్మా గీ పరేషాని? మహిళా విభాగం వెట్టి నీకే ఇస్తం."

"విభాగం వద్దు సార్. మీరు కూసున్న కుర్చీ కావాలె."

డిగ్రీ లేకున్నా పని తెలిసినవాళ్లకు ఈ సంఘం తలుపులు తెరవాలి. కరపత్రంలో ఆమె రాసింది ఆ ఒక్క మాటే. ఏ సభలోనైనా ఒకే సంగతి చెప్పేది. మందమర్రి గనిలో ఒకప్పుడు ఎవరో గుమాస్తా, పట్టాల మీద నడిచే ఏ బొగ్గు టబ్బు ఏ నిమిషానికి ఎక్కడుండాలో పెన్సిలుతో పటం గీశాడు. దాని నకలు పట్టుకునే ఆమె పిహెచ్‌డి చేసింది. కంప్యూటర్ మూడు రోజులు లెక్కించి, షిఫ్టుకు ఆ పటం కంటే నాలుగు నిమిషాలే ఆదా చేయగలిగింది. గీసినాయన పేరు గనిలో ఎవరికీ గుర్తులేదు. పోయి ఉంటాడన్నారు.

"ఆ మహానుభావుడికి దండం" అని ఆమె చేతులెత్తితే చప్పట్లు మోగేవి. ఆ మాటలు పేపర్లలో కూడా వచ్చాయి.

కిందటి ఎన్నికలో రెండు జీపుల జనం ఎవరివో పాత సభ్యత్వ రసీదులు చూపించి రామచంద్రానికి ఓటేసి వెళ్లారు. అందుకే ఈసారి జమున కొట్లాడి ఒక నిబంధన పెట్టించింది. సంఘం ఇచ్చిన కొత్త ఫొటో కార్డు ఉంటేనే ఓటు.

ముసలాయన వంతు వచ్చింది. జేబులోంచి మడతలు పడ్డ రసీదు తీశాడు. జీవితకాల సభ్యుడు, నంబరు పదిహేడు.

"కార్డేది తాతా?" అన్నాడు నాగరాజు.

"రాలే. ఇల్లు మారిన. ఎనుకట, డిగ్రీ అడగని రోజులల్ల, ఒక ప్రొఫెసర్ సారు నన్ను సంఘంల చేర్పిచ్చిండు. జాబితల పేరుంటది, జర సూడు."

పేరుంది.

"కార్డు లేదు కదా!" అంది జమున.

రామచంద్రం దగ్గరికొచ్చాడు. "పోనీతియ్యి జమునమ్మా, ముసలాయన. ఒక్క ఓటుతోని ఏమైతది? ఏసిపోనియ్యి."

ఆ దయతో ఆమెకు లెక్క కుదిరిపోయింది. ఈయన ఆ జీపుల్లోని మనిషే. అనుమానం కుదిరినంత ముచ్చటగా నిజం ఎప్పుడూ కుదరదు.

"ఒక్కరికి సడలిస్తే అందరికీ సడలించాలె. నేను ఒప్పుకోను."

"మూడు గంటలు బస్సుల కూసోని వచ్చిన బిడ్డా."

"ఎవరు రమ్మన్నరో వాళ్లనే అడుగుండ్రి."

ముసలాయన ఆమెను చాలాసేపు చూశాడు. లెక్కలో తప్పు ఎక్కడ దొర్లిందో వెతికే చూపు అది.

రామచంద్రం ఆయన భుజం మీద చేయి వేశాడు. "నేనిప్పిస్త, ఫికర్ చెయ్యకు."

ముసలాయన ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

"జాలివడి ఇచ్చే ఓటు నాకొద్దు సారూ. హక్కయితే ఇయ్యుండ్రి. లేకుంటే లేదు."

కవరు నాగరాజు చేతిలో పెట్టి ఏదో చెప్పి, వెన్ను వంచకుండా నడుచుకుంటూ బయటికి వెళ్లాడు. జమున అప్పటికే తర్వాతి మనిషి కార్డు చూస్తోంది.

నాలుగు గంటలకు ఫలితం వచ్చింది. జమునకు నలభై ఒకటి. రామచంద్రానికి నలభై ఒకటి.

సంఘం నిబంధన ప్రకారం, ఓట్లు సమానమైతే పాత అధ్యక్షుడు చెప్పినవారే గెలిచినట్టు. రామచంద్రం లేచి, గొంతు సవరించుకొని, రామచంద్రాన్ని ఎన్నుకున్నాడు. హాలంతా నవ్వింది.

జమున తల దించలేదు.

"రెండేండ్లకు మళ్లొస్త సార్. కుర్చీ జర తుడిచి పెట్టుండ్రి."

మెట్లు దిగుతుంటే నాగరాజు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, గా ముసలాయన గీ కవరు మీకే ఇయ్యమన్నడు. పనిల వడి మరిచిన."

లోపల ఆమె కరపత్రమే ఉంది. 'తలుపులు తెరవాలి' అన్న మాట కింద పెన్సిలు గీత. దాని వెనక నాలుగు మడతల గ్రాఫు కాగితం. మడతల్లో బొగ్గు నుసి.

పన్నెండేళ్లు నకలు చూసిన కళ్లు ఆ గీతలను వెంటనే గుర్తుపట్టాయి.

మూలన కొత్తగా పెన్సిలుతో రాసి ఉంది: "నేను పోగొట్టిన నాలుగు నిమిషాలు ఎక్కడున్నయో ఎరుకైంది బిడ్డా. నువ్వు గెలిచినంక చెప్త."

కింద సంతకం: బాలమల్లు, టబ్బుల గుమాస్తా, మందమర్రి.