విధవ వాటా

మా వంటింటి నేల మీద ఒక సున్నపు గీత ఉంది.

గీతకి ఇవతల మూడో వంతు నాది. అవతలి రెండు వంతులూ కెప్టెన్ హార్లోవి.

మూడేళ్ళ కిందట ఊరి కమిటీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు తాడు తెచ్చి, కొలిచి మరీ గీశారు. తూర్పు గది, నేలమాళిగలో ఒక మూల, బావి దాకా మనిషి పట్టేంత దారి. రొట్టెల పొయ్యి వారానికి రెండు రోజులు. మొగుడు చచ్చిన ఆడదానికి చట్టం ఇచ్చేది అంతే.

నా మొగుడు చావలేదు. ఊరంతా ఇంగ్లండు రాజుగారి మీద తిరగబడితే తను ఆ రాజు సైన్యంతో పాటు బోస్టన్‌లో ఓడెక్కి ఇంకా ఆయన ఏలుబడిలోనే ఉన్న నోవాస్కోషియాకి పారిపోయాడు.

పారిపోయినవాడు చచ్చినవాడితో సమానమని కమిటీ తేల్చింది. పెళ్ళాం ఊళ్ళోనే ఉండిపోయింది కాబట్టి దాని మొహాన విధవ వాటా కొట్టమంది. మిగతాది వేలం వేశారు. రాజు సైన్యం మీద పోరాడి సరటోగా యుద్ధంలో కాలికి గుండు తగిలిన హార్లో ఎక్కడో పై ఊరి నుంచి వచ్చి పాడుకున్నాడు.

గీత చెరిగినప్పుడల్లా ఆయనే వంగి మళ్ళీ గీస్తాడు. ఒక్కోసారి అది బెత్తెడు నా వైపు జరుగుతుంది. నేను కాలితో తుడిచేస్తాను. మా మధ్య మాటలు అంతంత మాత్రమే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పొయ్యిలోంచి రొట్టెలు తీస్తున్నాను.

"కెజయా."

వీధి తలుపు బార్లా తీసి ఉంది. జోథం లోపలికొచ్చి గీతకి అవతల నిలబడ్డాడు. ఈ ఎనిమిదేళ్ళలో ముందు పళ్ళు రాలిపోయాయి. కోటు మాత్రం పెళ్ళినాటిదే.

"ఏంటలా చూస్తావ్? నీ మొగుణ్ణే."

"నిన్నెవరన్నా చూశారా?"

"చూస్తే చూడనీ. నా ఇంటికి నేనొచ్చాను."

"నీ ఇల్లట! పాటలో పోయింది. కాస్త మెల్లిగా మాట్లాడు. దొరికావంటే కొట్లో వేసి ఓడెక్కిస్తారు. మళ్ళీ వస్తే ఉరే."

"ఈ వెధవలా నన్ను ఉరి తీసేది? టీ మీద మూడు పెన్నీల పన్ను కట్టలేక రాజుగారి మీద తిరగబడ్డ సన్నాసులు! ఇప్పుడు వీళ్ళేసే పన్నుల మాటేంటి మరి?"

పదేళ్ళ కిందట నడివీధిలోనూ ఇలాగే నోరు పారేసుకున్నాడు. సీమ సరుకు కొనబోమని ఊరంతా సంతకాలు పెట్టిన కాగితం మీద ఉమ్మేశాడు. ఆ సాయంత్రం మా గుమ్మానికి పేడ పూసి పోయారు. పూసినవాళ్ళలో నా సొంత తమ్ముడు ఉన్నాడు.

కడిగింది నేను.

నువ్వే పక్షమని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. మొగుడూ అడగలేదు, తమ్ముడూ అడగలేదు.

"మూట కట్టు," అన్నాడు జోథం. "రేవులో పడవుంది. నోవాస్కోషియాలో రాజుగారు మనలాంటి వాళ్ళకి పొలాలిస్తున్నారు. ఒంటరివాడికి వంద ఎకరాలు. పెళ్ళాం ఉంటే ఇంకో యాభై."

"అందుకా వచ్చావ్?"

"అబ్బ, అలా అంటావేంటి? ఫీబీ ఏదీ? దానికీ యాభై వస్తుంది."

ఒళ్ళు మండిపోయింది. చేతిలో రొట్టెలు తీసే పార ఉంది. నెత్తిన ఒక్కటి వెయ్యాల్సింది.

"చర్చి వెనకాల ఉంది. నువ్వెళ్ళిన ఆగస్టులో రక్త విరేచనాలు పట్టుకున్నాయి. ద్రోహి కూతురని పెట్టె చెయ్యడానికి వడ్రంగి రాలేదు. అటక చెక్కలు ఊడదీసి నేనే మేకులు కొట్టాను. ఆరేళ్ళ పిల్ల. పెద్ద పెట్టేం అక్కర్లేదులే. వెళ్ళి తవ్వి తీసుకుపో. యాభై ఎకరాలిస్తారేమో కనుక్కో."

జోథం గోడకి జారగిలబడ్డాడు. అరచేత్తో నోరు మూసుకుని ఏడ్చాడు.

నాకు జాలి కలగలేదు. కలగనందుకు అతని మీద ఇంకా కోపం వచ్చింది.

అప్పుడే గుమ్మంలో కాలీడుస్తున్న చప్పుడు. కెప్టెన్ లోపలికొస్తూనే వీధి తలుపు భళ్ళున మూశాడు.

"ఎవడ్రా నువ్వు, నా వంటింట్లో?"

జోథం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఏమ్మా, ఎవరితను? మీ ఆయన తాలూకానా?"

అవునంటే జోథాన్ని కొట్లో వేస్తారు. మొగుడు తిరిగొచ్చినదానికి విధవ వాటా ఏంటని నా గదీ లాక్కుంటారు. కాదంటే పడవ దాకా నడిచి వెళ్ళిపోవచ్చు. ఒక్కడే, వంద ఎకరాలకి.

"నాకు తెలీదు," అన్నాను. "రొట్టె అడుక్కోవడానికి వచ్చాడు."

"అడుక్కునేవాడు ఏడుస్తాడా?"

"లేదు పొమ్మన్నాను. ఏడ్చాడు."

జోథం నా వంక చూశాడు. పెళ్ళినాడు కూడా అంతసేపు చూడలేదు.

"ఇల్లు పొరబడ్డానండీ," అన్నాడు కెప్టెన్‌తో. కళ్ళు తుడుచుకుని వీధి తలుపు వైపు నడిచాడు.

ఆ తలుపు మూస్తే బిగుసుకుపోతుంది. మూడేళ్ళుగా కెప్టెన్ దానితో కుస్తీ పడుతూనే ఉన్నాడు. రెండుసార్లు గొడ్డలి కూడా తెచ్చాడు. కిటుకు నాకు తెలుసు. చెప్పలేదు. నేనెందుకు చెప్పాలి?

జోథం కింది చెక్కని మోకాలితో ఒక్కసారి నొక్కి, గడియ పైకెత్తి లాగాడు. తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది.

వెళ్ళిపోయాడు.

కెప్టెన్ వెళ్ళి ఆ తలుపు కింది చెక్కని వేళ్ళతో తడిమాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

"ఇంకా వంతెన దాటి ఉండడు. నేనేమీ చూడలేదనుకో. వెనక్కి పిలవనా అమ్మా?"

"అది మీ వంతు తలుపు," అన్నాను. "నన్నడుగుతారేం?"