విత్తనాల కుండ

విత్తి అయిదు రోజులైంది. పెద్దులు చేను గట్టున గొంతుక్కూర్చుని నేలవంకే చూస్తున్నాడు. పక్క చేలల్లో అప్పు తెచ్చి విత్తిన జొన్న అప్పుడే పచ్చగా లేచింది. అతని చెలక మాత్రం ఎర్రగా, బోసిగా ఉంది.

“మొలుస్తది. పరాయి దేశపు గింజ గదా, జర ఆలస్యమైతది,” అన్నాడు పైకే. వినడానికి అక్కడెవరూ లేరు.

కిందటేడు మర్రిగూడ దిక్కున చినుకు రాలలేదు. విత్తనపు జొన్నలు కూడా తినేసి జనం ఆకులు అలములు వండుకుంటున్నప్పుడు, అమెరికా నుంచి ఓడల్లో వచ్చాయంటూ గింజలు పంచారు. గోధుమలట! ఆ ఊళ్లో అంతకుముందు గోధుమ మొహం చూసినవాళ్లెవరు? పొయ్యి మీద పెడితే ఇట్టే ఉడికాయి. ఊరంతా కడుపారా తిన్నది.

పెద్దులు మాత్రం తన వాటాలో సగానికి బూడిద పట్టించి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తాడు. మొండిఘటం. ఎవరి మాటా వినలేదు.

“తింటే నెల రోజులు. విత్తితే మల్ల ఎవ్వని ముందటా చెయ్యి చాపే పనుండది,” అన్నాడు.

“రైతంటే నువ్వేరా!” అని సర్పంచి భుజం తట్టాడు.

నడి ఎండాకాలంలో పంపకం ఆగిపోయింది. ఆరేళ్ల కూతురు అండాలు ఆ కుండ చుట్టే తిరిగేది.

“బాపూ, ఆకలైతాంది. గా కుండలయి జరన్ని పెట్టవా?”

“విత్తనం ముట్టొద్దు బిడ్డా. వానలు పడనీ, నీకు రొట్టెలే రొట్టెలు.”

వానలు పడ్డాయి. అండాలు అంతకు పద్దెనిమిది రోజుల ముందే పోయింది. జ్వరమన్నారు ఊళ్లో. ఏ జ్వరమో పెద్దులుకు తెలుసు.

ఆనాటి నుంచి భార్య సైదమ్మ అతనితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. దున్నుతుంటే నాగలి వెనక చిన్న చిన్న అడుగులు వినబడేవి. “బాపూ, ఆకలైతాంది.” అదీ పట్టపగలే. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. ఒక్క మొలక రావాలి. అది చూపించి పెళ్లానికీ, పోయిన పిల్లకూ జవాబు చెప్పుకోవాలి. ఆ ఆశతోనే బతుకుతున్నాడు.

ఎనిమిదో నాడు, సేద్యం సలహాలు చెప్పే గ్రామసేవక్ దశరథం సైకిలు దిగి గట్టెక్కాడు.

“ఏం విత్తినవ్ పెద్దులన్నా?”

“అమెరికా గోధుమ సారూ. నోరు కట్టుకొని దాచిపెట్టిన. గింజకు గీ వానకారు పడదా ఏంది?”

దశరథం వంగి, సాలులోంచి ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఇంకో గింజ తవ్వి చూశాడు. చివరికి పెద్దులు మొహం చూడలేక సైకిలు వైపు చూస్తూ అన్నాడు:

“ఆకలిగొన్నోళ్లు జల్ది తినాలని, ఓడ ఎక్కియ్యకముందే ఉడకబెట్టి ఎండబోసిన గింజలన్నా గివి.”