మేనమామ ఒడి

పెనుకొండలో మొదటి బస్సెక్కి హిందూపురంలో దిగింది ముత్యాలమ్మ. మర్నాడే మనవడికి చెవులు కుట్టించడం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. ఆ మేనమామేమో ససేమిరా అంటున్నాడు. అన్న రాకుంటే చెవులే కుట్టించనని కూతురు రేఖ మొండికేసింది. ఇద్దరి మధ్యా ముసలి ప్రాణం నలిగిపోతోంది.

కొడుకు శివశంకర్ హిందూపురంలో ఇంగ్లీషు లెక్చరర్. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయే రకం. రేఖ తనకు నచ్చినవాణ్ణి చేసుకుని ధర్మవరం వెళ్ళిపోయాక ఇంట్లో చాలాకాలం ఆమె పేరే ఎత్తలేదు. బిడ్డ పుట్టిన సంగతి కూడా ముత్యాలమ్మకు ఎవరో చెబితే తెలిసింది. తొలికాన్పు పుట్టింట్లో జరగలేదని ఇప్పటికీ కుమిలిపోతుంది. మొగుడు పోయాక పంతం వదిలేసి కూతుర్ని ఇంటికి పిలుచుకుంది. కొడుకు మాత్రం మేనల్లుడు ఎదురొస్తే ముఖం తిప్పుకుంటాడు. అయినా పండక్కి వాడికి బట్టలు పంపడం మానడు. అదేం కోపమో ఆమెకు అంతు చిక్కదు.

కొడుకింటి వసారాలో ట్యూషన్ నడుస్తోంది. ముత్యాలమ్మ ఓ మూల కూర్చుంది.

“జెన్యూన్ అంటే అసలు సిసలైనది. ఆ మాట మోకాలి నుంచి పుట్టిందంటారు,” చెబుతున్నాడు శివశంకర్. “పూర్వం రోమ్‌లో బిడ్డ పుడితే తండ్రి అందరూ చూస్తుండగా మోకాలి మీద కూర్చోబెట్టుకునేవాడట. అప్పుడే ఆ బిడ్డ ఆయన బిడ్డ కింద లెక్క.”

“కూర్చోబెట్టుకోకుంటే సార్?” అనడిగింది ఆరిఫా అనే పిల్ల.

శివశంకర్ పుస్తకం మూసేశాడు. ఇవాళ్టికి చాలు పొండని అందర్నీ పంపేశాడు.

ముత్యాలమ్మ దగ్గరికి జరిగింది. “నువ్వు రాకుంటే రేఖ అత్తగారోళ్ళు ఏమనుకుంటారప్పా? పుట్టింటోళ్ళు బిడ్డను ఒప్పుకోలేదంటారు. ఆ పిల్ల తలెట్ల ఎత్తుకుంటాది?”

“నాతో కాదు మా. నన్నడగొద్దు.”

“చెల్లెలి మీద కోపం పసిబిడ్డ మీద చూపిస్తావా? ఎంత రాతిగుండెరా నీది!”

శివశంకర్ తలొంచుకున్నాడు. “వస్తాలే,” అన్నాడు.

మర్నాడు పెనుకొండలో ఇంటినిండా చుట్టాలు. ఫోటో తీసేవాడు రీలు అయిపోవచ్చిందని తొందరపెడుతున్నాడు. రేఖ బిడ్డను తెచ్చి అన్న ఒళ్ళో పెట్టింది. కంసాలి ఆచారి సూది గుచ్చగానే పిల్లవాడు కెవ్వుమన్నాడు. శివశంకర్ వాణ్ణి గుండెలకు హత్తుకుని, ఎవరున్నారన్నది కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఎంతైనా మేనమామ గదా!” అన్నారు చుట్టాలు. ముత్యాలమ్మ మనసు కుదుటపడింది. ఇన్నాళ్ళకు అన్నాచెల్లెళ్ళు ఒకటయ్యారు, ఇక తను కళ్ళు మూసినా పర్వాలేదనుకుంది. పసుపు గిన్నె పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

అప్పుడే రేఖ వంగి, అన్నకు మాత్రమే వినబడుతుందనుకుని చెప్పిన మాట ముత్యాలమ్మ చెవిన పడింది: “ఏడవొద్దన్నా, నువ్వు పెంచమని నా చేతిలో పెట్టిన నీ కొడుకును నలుగురి ముందర నీ ఒళ్ళో కూర్చోబెట్టేదానికి నాకు ఇంతకన్నా దారి దొరకలేదు.”