పైడమ్మ పిన్ని చేప

ఆ కాలానికి ఇళ్లలో అద్దాల తొట్టెల్లో తిరిగేవన్నీ మరచేపలే. వాటిని బాగుచేసే నూకరత్నం దగ్గరికి పైడమ్మ పిన్ని ఒక చేపను సీసాలో తెచ్చింది. దాని పొట్ట వీపుకంటుకుపోయింది. వెనక తెల్లటి దారంలాంటిదేదో వేలాడుతోంది.

"తీగ ఊడింది పిన్నీ, పీకేస్తానుండు" అంటూ నూకరత్నం పట్టకారు అందుకుంది.

"నీ చెయ్యి విరగ! అది ప్రాణమున్న చేపే. ఆ తెల్లది దాని మలం, జబ్బు చేసి అలా తెల్లబడింది. తింటోంది గానీ ఒళ్లు పట్టట్లేదు. ఎలాగైనా బతికించవే తల్లీ."

నూకరత్నం పట్టకారు కింద పెట్టేసింది. పశువుల డాక్టరుకు తెరమీద చూపిస్తే, కడుపులో పురుగులున్నాయనీ, మందు మేతలో కలిపి పెట్టమనీ చెప్పాడు. చేప ఆ మేతను నోట పట్టి ఉమ్మేసింది.

"చేదు గిట్టదు, చిన్నప్పుడు నీలాగే! వెల్లుల్లి రసంలో నానబెట్టు" అంది పిన్ని.

అలా పెడితే తింది. నూకరత్నం మరచేపలన్నీ పక్కన పడేసి, రోజూ దాని ముందే కూర్చుంది. ఒక ఉదయం వీధిలోకి పరుగెత్తి అరిచింది.

"పిన్నీ! నల్లగా వెళ్లింది! గట్టిగా వెళ్లింది!"

మరచేపలు తప్ప ఎరగని వీధి జనమంతా వచ్చి, వంగి వంగి చూసి, చప్పట్లు కొట్టారు.