చీటీలో పేరు

"పేరు?" అంది ఆస్పత్రిలో చీటీలు రాసే ఆరోగ్యమ్మ, తలెత్తకుండానే.

రాధాకృష్ణమూర్తి అటూ ఇటూ చూశాడు. జగ్గయ్యపేటలో కిరాణా కొట్టున్న పెద్దమనిషి, నందిగామ వచ్చి ఇలాంటి జబ్బుకు సొంత పేరు రాయిస్తాడా! కొట్లో తనతోపాటు కూర్చునే బావ పేరే నోట్లోంచి ఊడిపడింది.

"కుటుంబరావండి."

పాపం, వారం నుంచీ మనిషికి కంటిమీద కునుకు లేదు. ఒంటికి వెళ్తే మంట, పొత్తికడుపు కింద పోటు, చలిజ్వరం. క్యాన్సరే అనుకున్నాడు. కాకపోతే జనం చెవులు కొరుక్కునే ఆ పాడు రోగం. రెండిట్లో ఏది మేలో తేల్చుకోలేక హడలి చచ్చాడు. పొద్దున్నే కొట్టు బావకు అప్పజెప్పి, సరుకు కోసం బెజవాడ వెళ్తున్నానని బస్సెక్కి, ఇక్కడ దిగిపోయాడు.

డాక్టరు చూసి, మూత్రం పరీక్షకు పంపాడు. రిపోర్టుకు గంట పడుతుందన్నారు. హాల్లో ఉంటే ఎవరైనా గుర్తుపడతారని రాధాకృష్ణమూర్తి రోడ్డవతల ఎస్టీడీ బూత్‌లో దూరాడు. బెజవాడ చేరానని చెబుదామని కొట్టుకు ఫోన్ చేస్తే, ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. బావ టీకి వెళ్ళుంటాడులే అనుకున్నాడు.

గంట తర్వాత తలొంచుకుని గబగబా డాక్టరు గదిలోకి వెళ్ళాడు.

"నేను బతుకుతానాండీ?"

డాక్టరు నవ్వాడు. "మూత్రసంచి కింద మగవాళ్ళకి ప్రొస్టేట్ అని చిన్న గ్రంథి ఉంటుంది. క్రిములు చేరి అది వాచింది. మీది క్యాన్సర్ కాదు."

"మరి... ఆ ఇంకో రోగం?"

"అదీ కాదు. నెల్లాళ్ళు మందులు మింగండి. తగ్గిందని మధ్యలో మానెయ్యకండి. అయినా ఇలాంటివి దాచుకుని ముదరబెట్టుకుంటారేంటండీ? ఇంట్లో చెప్పారా?"

"అమ్మో! తెలిస్తే ఇంకేమైనా ఉందా? మా బావ ఒక్కడు చాలు, పేటంతా చాటింపేస్తాడు!"

ప్రాణం లేచొచ్చింది. మందుల చీటీ జేబులో కుక్కుకుని హాల్లోకి వచ్చాడు.

"రాధాకృష్ణమూర్తిగారూ! జగ్గయ్యపేట రాధాకృష్ణమూర్తిగారూ!" ఆరోగ్యమ్మ కేకేసింది.

తన పేరు ఈవిడకెలా తెలిసింది? ఎవరు చూశారు? ఎవరు చెప్పారు? అయిపోయింది, పరువు పోయింది. తల తిప్పే ధైర్యం లేక గోడకు కరుచుకుపోయాడు.

"ఒంటికెళ్తే మంటన్నారే, మీరేనండీ! లోపలికి రండి!"

"కాస్త మెల్లగా అనమ్మా... వస్తున్నా" అంటూ, మొహానికి మఫ్లరు చుట్టుకుని మూలబెంచీ మీద నక్కిన బావ కుటుంబరావు లేచి నిలబడ్డాడు.